మౌంట్ టామ్ నుంచి అస్కట్నీ దాకా: మూతపడ్డ స్కీ కొండల వెంట

అమెరికాలో న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఆరు రాష్ట్రాల్లో మూతపడిన స్కీ కొండలు, అంటే కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని మంచుమీద జారే ఆట ఆడిన కొండలు, 600కి పైగా ఉన్నాయి. జెరెమీ డేవిస్ అనే ఆయన 1998 నుంచి వాటి పాత ఫోటోలు, మ్యాపులు, అక్కడ ఆడుకున్నవాళ్ళ జ్ఞాపకాలు సేకరిస్తూ వస్తున్నారు. వాటిలో చాలావరకు పెద్ద రిసార్టులు కావు. ఊరి పక్కన ఒక వాలు, మనిషిని పైకి లాగే ఒక తాడు, కింద చలి కాచుకోవడానికి ఒక గది, అంతే. బడి వదిలాక పిల్లలు వెళ్ళి, రాత్రి భోజనం వేళకి ఇంటికొచ్చేసేవారు.

అలాంటి కొండ నాకూ ఒకటి ఉంది. మసాచుసెట్స్‌లో హోల్యోక్ ఊరి దగ్గర మౌంట్ టామ్. 1998లో మూసేశారు. దాని ఆఖరి శీతాకాలంలో అక్కడ స్కీయింగ్ నేర్చుకున్నవాళ్ళలో నేనూ, అప్పటి నా రూమ్మేటూ ఉన్నాం. తను నాకంటే నాలుగేళ్ళు పెద్ద, గుంటూరు మనిషి. అప్పటినుంచీ అక్క అనే పిలుస్తాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటోంది. మొన్న ఫిబ్రవరిలో స్కూళ్ళకి వారం సెలవులిచ్చినప్పుడు తను మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయిని కూడా తీసుకుని ముగ్గురం మౌంట్ టామ్‌తో మొదలుపెట్టి వెర్మాంట్ దాకా ఇలాంటి కొండలు చూస్తూ వెళ్ళాం.

గురువారం: హోల్యోక్

ష్రూస్‌బరీలో మా ఇంటినుంచి హోల్యోక్‌కి గంటకి కాస్త ఎక్కువ పడుతుంది. అక్క పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. సున్నుండలు న్యూజెర్సీ నుంచే తెచ్చింది.

కొండకి ముందు ఊళ్ళోకి వెళ్ళాం. హోల్యోక్ ఒకప్పుడు కాగితం మిల్లుల ఊరు. కనెక్టికట్ నది నీళ్ళని కాలవల్లోకి మళ్ళించి, ఆ బలంతో మిల్లులు నడిపారు. కాలవలు ఇంకా పారుతున్నాయి, మిల్లులే ఎర్ర ఇటుక గోడలుగా మిగిలాయి. 1895లో వాలీబాల్ పుట్టింది కూడా ఇక్కడే. ఇక్కడి వై.ఎం.సి.ఎ.లో పనిచేసిన విలియం మోర్గాన్ కనిపెట్టాడు. మా నాన్నగారు రాజమండ్రిలో రోజూ సాయంత్రం ఆడిన ఆట ఈ ఊరిదని మొదటిసారి తెలిసినరోజు ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

కాలవ పక్కనే ఒక పార్కులో పాత రంగులరాట్నం ఉంది. చెక్క గుర్రాలది. ఇది మొదట మౌంట్ టామ్ కిందనే ఉండిన మౌంటెన్ పార్క్ అనే వినోదశాలలో తిరిగేది. ఆ పార్కు 1987లో మూతపడ్డప్పుడు గుర్రాలు విడివిడిగా అమ్ముడైపోయే ప్రమాదం వచ్చింది. అప్పుడు ఊరివాళ్ళు చందాలు పోగుచేసి, బడిపిల్లలు కూడా డబ్బులు కూడబెట్టి, రాట్నాన్ని ఊరికే దక్కించుకున్నారు. 1993లో ఇక్కడ మళ్ళీ తిప్పడం మొదలుపెట్టారు. అక్క చాలాసేపు ఆ గుర్రాల దగ్గరే నిలబడింది. "కొండని కూడా ఇలా ఎవరైనా పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదే" అంది.

అక్కడినుంచి కొండకి వెళ్ళాం. కింద గేటు వేసి ఉంది, మేము రోడ్డు మీదే కారు ఆపాం. మంచు పడి ఉండడం వల్ల ట్రైల్స్, అంటే స్కీలమీద దిగే దారులు, ఎక్కడెక్కడ ఉండేవో స్పష్టంగా తెలుస్తోంది. చుట్టూ పాత అడవి నల్లగా ఉంటే, ఒకప్పటి ట్రైల్స్ మీద మొలిచిన పలచటి చెట్ల మధ్య తెల్లటి పట్టీలు కిందికి దిగుతున్నాయి. ఆ చెట్లకి పాతికేళ్ళు దాటి ఉంటాయి.

ఇక్కడ కాస్త ఆగి 1997 సంగతి చెప్పాలి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి వై2కె పనిమీద స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చినవాళ్ళం మేము. తేదీల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడమే రోజంతా పని. నవంబరు వచ్చేసరికి నాలుగున్నరకే చీకటి పడిపోయేది. ఆఫీసు, అపార్ట్‌మెంటు, వారానికోసారి సరుకులు. కారు ఇద్దరికీ కలిపి ఒకటే. ఫోన్ కార్డులో నిమిషాలు లెక్కపెట్టుకుని ఇంటికి మాట్లాడుకునేవాళ్ళం. ఆ చలికాలం ఎప్పటికైనా అయిపోతుందన్న నమ్మకం ఉండేది కాదు.

మా టీమ్‌లో చికోపీ నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉండేవారు. పాత కోబాల్ ప్రోగ్రాములు ఆవిడకి కంఠతా. సంక్రాంతి వారంలో మేమిద్దరం దిగాలుగా ఉండడం చూసి, చలికాలాన్ని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే మనసు పాడైపోతుంది, సాయంత్రం నాతో రండి అన్నారు. ఆఫీసు అయ్యాక తిన్నగా మౌంట్ టామ్‌కి తీసుకెళ్ళారు. హైవే మీదనుంచే కొండ కనిపించింది, మొత్తం లైట్లు వేసి ఉంది. అంతకుముందు నెలల తరబడి ఆ దారిన వెళ్తూ, అది డబ్బున్నవాళ్ళ చోటు అనుకున్నాం. లోపలికి వెళ్తే ఉన్నదంతా ఊరి జనమే. స్కూల్ స్కీ క్లబ్బుల పసుపు బస్సులు, మిల్లు వాడలనుంచి వచ్చిన పిల్లలు, షిఫ్టు దిగి యూనిఫామ్ మీద కోటేసుకుని వచ్చిన నాన్నలు. ఆవిడ తన పిల్లల పాత గ్లవ్స్ మాకిద్దరికీ తెచ్చారు.

కింద పిల్లల వాలు మీద ఆవిడే నేర్పారు. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు విడదీసి నిలబడితే వేగం తగ్గుతుంది. కళ్ళు కాళ్ళమీద కాదు, వెళ్ళాల్సిన చోట ఉండాలి. ఒక పదేళ్ళ పిల్లాడు మా పక్కన ఆగి, లిఫ్ట్ దిగేటప్పుడు ఎప్పుడు లేవాలో చూపించి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుని తింటూ అక్క, ఈ దేశం వచ్చాక ఇవాళే ఆకలేసిందే అంది. ఆ తర్వాత ప్రతివారం వెళ్ళాం.

మౌంట్ టామ్ ఎత్తు ఎంతో కాదు. లిఫ్ట్ మిమ్మల్ని పైకి తీసుకెళ్ళేది 200 మీటర్లకి కాస్త అటూ ఇటూ. అంత పల్లంలో ఉన్న కొండమీద ఆకాశాన్ని నమ్ముకుంటే స్కీయింగ్ జరగదు. గడ్డకట్టే చలి ఉన్న రాత్రుల్లో నీళ్ళనీ, ఒత్తిడితో వదిలిన గాలినీ కలిపి చిమ్మి కొండంతా మంచు తయారుచేసేవారు. దానికి నీళ్ళు, కరెంటు, రాత్రంతా మనుషులు కావాలి. అంత ఖర్చు పెట్టాక రెండు రోజులు వాన పడితే చేసిందంతా కొట్టుకుపోతుంది. మేము వెళ్ళిన ఆ శీతాకాలం ఎల్‌నినోది, మంచుకంటే వానే ఎక్కువ గుర్తు. ఆ సీజనే చివరిది. మూసేశారన్న సంగతి మాకు ఆఫీసులో ఆవిడే చెప్పారు. చెప్పి, మళ్ళీ తన సీటుకి వెళ్ళి పనిచేసుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం మాతో రాలేదు.

2002లో ఆ భూమిని ప్రకృతి సంరక్షణ సంస్థలు, ప్రభుత్వ శాఖలు, హోల్యోక్ బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్ కలిసి కొన్నాయి. ఇళ్ళ ప్లాట్లు కాకుండా అడవిగానే మిగిలినందుకు సంతోషమే. కానీ స్ప్రింగ్‌ఫీల్డ్, హోల్యోక్, చికోపీ పిల్లలకి పది, పదిహేను నిమిషాల దూరంలో ఉన్న చలికాలపు ఆట పోయింది. ఇప్పుడు ఇంకా దూరం వెళ్ళాలి, అంటే కారున్న అమ్మానాన్నలు, ఖాళీ ఉన్న శనివారం, దండిగా డబ్బు ఉండాలి.

"అమ్మా, నువ్వు నేర్చుకున్న వాలు ఏది?" అని మా అమ్మాయి అడిగింది. నేను చూపిస్తుంటే అక్క నా చెయ్యి ఇంకాస్త ఎడమకి జరిపింది. తన లెక్కే కరెక్టు.

ఆ రాత్రి వెర్మాంట్‌లో బ్రాటిల్‌బరోలో ఆగాం. ఆ ఊళ్ళో మునిసిపల్ పార్కులోనే చిన్న స్కీ కొండ ఉంది, మనుషుల్ని పైకి లాగే టీ-బార్ అనే లిఫ్టు ఉంది. వాలంటీర్లే నడుపుతారు. మూతపడ్డవాటి కోసం బయల్దేరాం కాబట్టి దాన్ని చూసి ముందుకి వెళ్ళాం గానీ, దాని గురించి వేరేగా రాయాలి.

శుక్రవారం: హాగ్‌బ్యాక్

బ్రాటిల్‌బరో నుంచి 9వ నంబరు రోడ్డు మీద పడమటికి వెళ్తే మార్ల్‌బరో ఊరు దాటాక హాగ్‌బ్యాక్ మౌంటెన్ వస్తుంది. రోడ్డు పక్కనే కారు ఆపుకునే చోటు ఉంది. అక్కడినుంచి దక్షిణానికి చూస్తే వంద మైళ్ళ దృశ్యం అని చెప్తారు. ఆకాశం తేటగా ఉండడంతో మసాచుసెట్స్ కొండలు, తూర్పున న్యూ హాంప్‌షైర్‌లోని మొనాడ్‌నాక్ కొండ కూడా కనిపించాయి. ఎండాకాలంలో ఇక్కడ ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ళు చాలామంది. రోడ్డుకి పైన ఉన్న అడవిలో నలభై ఏళ్ళు స్కీయింగ్ జరిగిందని వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు.

హాగ్‌బ్యాక్ 1946లో మొదలైంది, 1986లో మూతపడింది. మేము మంచులో కాళ్ళు కూరుకుపోకుండా స్నోషూస్ కట్టుకుని పైకి నడిచాం. కొంతమంది అదే ట్రైల్స్ మీద స్కీలకి పట్టీలు తగిలించుకుని సొంత కాళ్ళతో ఎక్కుతున్నారు, ఎక్కాక ఆ పట్టీలు తీసేసి దిగుతారు. చెట్ల మధ్య పాత లిఫ్టు తాలూకు ఇనుము తుప్పుపట్టి నిలబడి ఉంది. మా అమ్మాయి దాన్ని చేత్తో తడిమి, ఇది ఎందుకు తీసేయలేదు అని అడిగింది. తీయడానికీ డబ్బు కావాలి కదా అన్నాను.

పైన నడుస్తూ నేను వాళ్ళకి చెప్పిన కారణాలు ఇవి. ఒకటి ఇన్సూరెన్స్. 1974లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ అనే స్కీ కొండమీద జేమ్స్ సండే అనే కుర్రాడు కొత్తవాళ్ళ ట్రైల్ మీద పొద తగిలి పడి, ఒళ్ళంతా చచ్చుబడిపోయాడు. జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్లు ఇమ్మంది, 1978లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది సరేనంది. ఆ కుర్రాడికి ఆ డబ్బు అవసరమే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఆ తర్వాత ప్రీమియం భారం పెద్ద కొండలు మోయగలిగాయి, చిన్నవాటికి కష్టమైంది. రెండోది మంచు. 1979-80 శీతాకాలంలో ఇటువైపు మంచు సరిగా పడనేలేదు. ఆ ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లోనే మొట్టమొదటిసారి కృత్రిమ మంచు వాడారు. ఆకాశం ఇచ్చేదానిమీదే ఆధారపడ్డ హాగ్‌బ్యాక్ లాంటి కొండలకి అలాంటి ఒక్క ఏడాది వస్తే, తర్వాతి ఏడాది తెరవడానికే చేతిలో ఏమీ మిగలదు.

మూడోది పక్కనే ఉన్న పెద్ద కొండ. హాగ్‌బ్యాక్ నుంచి కారులో కొంచెం దూరం వెళ్తే మౌంట్ స్నో. దాన్ని 1954లో తెరిచిన వాల్ట్ షోన్‌నెక్ట్ అంతకుముందు కనెక్టికట్‌లో మొహాక్ అనే కొండ నడిపాడు. మంచు యంత్రాలని స్కీ కొండమీద మొట్టమొదట వాడినవాళ్ళలో ఆయనొకడు. ఇంటర్‌స్టేట్ 91 రోడ్డు వచ్చాక బోస్టన్, న్యూయార్క్ జనం చిన్న కొండల పక్కనుంచే పెద్దవాటికి వెళ్ళిపోవడం అలవాటైంది. ఈరోజు మౌంట్ స్నోలో కౌంటర్ దగ్గర కొంటే ఒక రోజు టికెట్టు వంద డాలర్లు దాటుతుంది.

ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డవే. అయినా అక్క అన్నమాట నాకు ఇంకా సరైనదనిపించింది. "ఆ రోజు మన పెద్దావిడ మౌంట్ స్నోకి రమ్మంటే మనం వెళ్ళేవాళ్ళమా? వెళ్ళం. ఆఫీసు నుంచి పావుగంట కాబట్టి వెళ్ళాం."

2010లో మార్ల్‌బరో ఊరు చందాలు, గ్రాంట్లు కూడగట్టి హాగ్‌బ్యాక్ భూమిని తన సొంతం చేసుకుంది. దాదాపు 600 ఎకరాలు. వాలంటీర్లు ఏటా పొదలు కొట్టి కొన్ని ట్రైల్స్ తెరిచి ఉంచుతున్నారు. లిఫ్టు లేదు, టికెట్టూ లేదు. పైన మౌంట్ ఓల్గా మీద అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన పాత ఫైర్ టవర్ ఉంది. గాలికి మెట్లు ఎక్కడం కష్టమైంది గానీ ఎక్కాం. మిగిలిన పులిహోర కిందికి దిగాక కారు హీటర్ వేసుకుని తిన్నాం.

శనివారం: వుడ్‌స్టాక్, అస్కట్నీ

వుడ్‌స్టాక్ నుంచి ఉత్తరంగా 12వ నంబరు రోడ్డు మీద గిల్బర్ట్స్ హిల్ ఉంది. చూడడానికి ఒక రైతు పచ్చిక వాలు, రోడ్డు పక్కన ఒక బోర్డు. అమెరికాలో మొదటి రోప్ టో, అంటే మనుషుల్ని పైకి లాగే తాడు, ఇక్కడే పనిచేసింది. 1934 జనవరిలో వుడ్‌స్టాక్‌లో వైట్ కప్‌బోర్డ్ ఇన్ నడుపుతున్న బాబ్, బెట్టీ రాయిస్ దంపతులు క్లింటన్ గిల్బర్ట్ పొలంలో దీన్ని పెట్టించారు. అప్పటిదాకా ఎవరైనా స్కీలు వేసుకుని కొండెక్కడానికి అరగంట కష్టపడితే, దిగడం నిమిషంలో అయిపోయేది. వీళ్ళు పాత మోడల్-టి ఫోర్డ్ కారు ఇంజన్‌తో ఒక పొడుగాటి తాడుని తిప్పారు. బావి గిలకమీద చేంతాడు నడిచినట్టు ఆ తాడు చక్రాలమీద నడుస్తుంటే, జనం దాన్ని పట్టుకుని పైకి పోయారు. గ్లవ్స్ అరిగిపోయేవి, చేతులు లాగేసేవి. అయినా ఒక రోజులో ఎన్నోసార్లు దిగొచ్చు. తర్వాత కొన్నేళ్ళలోనే న్యూ ఇంగ్లండ్ రైతుల పొలాల్లో ఇలాంటి తాళ్ళు చాలా వెలిశాయి. నేను పైన చెప్పిన 600 కొండల్లో చాలా వాటికి ఈ పొలమే మూలం. రోప్ టో స్కీయింగ్ ఇక్కడ మొదలైంది పాత కారు ఇంజన్‌తో, రైతు పొలంలో. ఆ సంగతి మా అమ్మాయి తెలుసుకోవాలనే ఇంతదూరం తీసుకొచ్చాను.

మధ్యాహ్నానికి అస్కట్నీ కొండ కింద ఉన్న బ్రౌన్స్‌విల్ చేరాం. వెస్ట్ విండ్సర్ ఊరిలో భాగం అది. ఊరి మొత్తం జనాభా వెయ్యికి పైన. కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది, 3,144 అడుగులు. ఇక్కడ 1940ల నుంచి లిఫ్టులు నడిచాయి. తర్వాతి యజమానులు హోటలూ, కొండపైదాకా వేగంగా వెళ్ళే కుర్చీ లిఫ్టూ కట్టారు. అప్పులు పెరిగాయి, యజమానులు మారారు, 2010లో మూతపడింది. ఆ కుర్చీ లిఫ్టుని విప్పి న్యూ హాంప్‌షైర్‌లోని క్రాచ్డ్ మౌంటెన్‌కి అమ్మేశారు. రిసార్టు పోయాక ఊళ్ళో ఇళ్ళ ధరలు పడిపోయాయి, జనరల్ స్టోర్ కూడా మూతపడింది.

ఇక్కడి కథ మౌంట్ టామ్ కథలా ముగియలేదు. 2014లో ఊరివాళ్ళు ఓటేశారు. ఆ తర్వాత భూముల్ని కాపాడే ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ సాయంతో 469 ఎకరాల స్కీ భూమిని ఊరి అడవిలో కలుపుకున్నారు. అస్కట్నీ అవుట్‌డోర్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు. కింద చిన్న వాలు మీద మొదట రోప్ టో, తర్వాత టీ-బార్ వచ్చాయి. పైదాకా వెళ్ళే లిఫ్టు లేదు, మంచు చేసే యంత్రాలు లేవు. మంచు పడితే తెరుస్తారు, లేకపోతే లేదు. అప్పు చేసి పెంచుకోకుండా, ఊరు మోయగలిగినంతే పెట్టుకున్నారు. వేసవిలో సైకిల్ ట్రైల్స్. స్టోర్ కూడా మళ్ళీ తెరుచుకుంది.

మేము వెళ్ళినప్పుడు టీ-బార్ నడుస్తోంది. తిరగేసిన టీ అక్షరంలా ఉన్న కడ్డీ కేబుల్ నుంచి వేలాడుతూ వస్తుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడాలి, కడ్డీ తొడల వెనక తగలాలి. దానిమీద కూర్చోకూడదు, కూర్చుంటే పడిపోతారు. కుర్చీ లిఫ్టులకి అలవాటుపడ్డ మా అమ్మాయికి ఇది కొత్త. "పెద్దమ్మా, నువ్వు నా పక్కన రా" అని అక్కని పిలిచింది. అక్క స్కీలు కట్టి పదిహేనేళ్ళు దాటింది. అద్దె బూట్లు బిగించుకుంటూ, "మోకాళ్ళ సంగతి రేపు చూసుకుందాం" అని వెళ్ళింది. ఇద్దరూ కడ్డీ పట్టుకుని పైకి పోవడం నేను కిందనుంచి చూశాను. తిరిగొచ్చేటప్పుడు అక్క స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు విడదీసి, తలెత్తి దిగింది. అచ్చం ఆ పెద్దావిడ నేర్పినట్టే.

ఆ తర్వాత నేనూ వెళ్ళాను. సాయంత్రం దాకా ముగ్గురం మార్చి మార్చి ఎక్కాం. చుట్టూ ఉన్నదంతా ఊరి పిల్లలూ, వాళ్ళ తాతలూ. మంట దగ్గర చేతులు కాచుకుంటుంటే ఒక చిన్న పిల్ల మా డబ్బాలోకి తొంగి చూసింది. అక్క ఒక సున్నుండ ఇచ్చింది, వాళ్ళమ్మకి ఇంకోటి. టీ-బార్ దగ్గర నిలబడి కడ్డీలు అందిస్తున్న పెద్దాయన ఇదే కొండమీద చిన్నప్పుడు నేర్చుకున్నాడట. మూసేసిన ఏళ్ళల్లో కూడా చలికాలంలో నడిచి ఎక్కేవాడినని చెప్పాడు. ఇప్పుడు ఆయనకి కావలసిందేమిటని అడిగాను. డబ్బుకంటే మనుషులు అన్నాడు. మంచు కాలంలో లిఫ్టు దగ్గర నిలబడేవాళ్ళు, ఎండాకాలం చివర ట్రైల్స్ మీద మొలిచిన పొదలు కొట్టేవాళ్ళు.

ఆదివారం పొద్దున బ్రౌన్స్‌విల్ స్టోర్‌లో కాఫీ తాగి బయల్దేరాం. దారిలో అక్క ఫోన్‌లో క్యాలెండర్ తీసి, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే తర్వాత వారం తనకి ఖాళీ అంది. మా అమ్మాయి పెద్ద కత్తెర ఒకటి కొనాలంది. అప్పటికి వాళ్ళిద్దరూ ఎవరి కారులో రావాలో కూడా తేల్చేసుకున్నారు. ష్రూస్‌బరీ చేరేలోపు చికోపీ పెద్దావిడకి ఉత్తరం రాయడం నా పని అని ఒప్పుకున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ నుంచి కార్డు వస్తుంది. ఈసారి అక్క స్కీలమీద దిగుతున్న ఫోటో కూడా పంపాలి.